మా అత్త సగం కోపం

పింఛను కాగితాలకు ఫోటో దిగుదామని నిన్న స్టూడియోకు పోతే, "నొసలు చిట్లించకండి సార్" అని అక్కడి కుర్రాడు ఒకటే విసుక్కున్నాడు. నాకూ ఒళ్లు మండింది. ఆ గుణం మా మేనత్తది. సిరిసిల్లలో మగ్గాల ఇల్లు ఆమెది. లేచింది మొదలు నూలు మీద, పొయ్యి మీద, మామ మీద నొసలు చిట్లిస్తూనే ఉండేది. "జర నిమ్మలంగుండరాదే" అని మామ రోజూ బతిమాలేవాడు.

ఆంధ్రప్రదేశ్ వచ్చిన కొత్తలో నేను హైదరాబాదులో డాక్టరు చదువుతుండేవాణ్ని. సెలవులకు వాళ్లింటికి పోయిన రోజే అత్త మూతి వంకరపోయింది. పక్షవాతమని ఇంట్లో ఏడుపులు. పక్క ఊళ్లో ఇనుప కడ్డీ కాల్చి చెంపకు వాత పెట్టేవాడున్నాడని మామ బండి కట్టించాడు. మెదడు కాండంలో నరాలు మొదలయ్యే కేంద్రకాలన్నీ అప్పుడే బట్టీపట్టి ఉన్నాను: కన్ను తిప్పేది ఒకటి, గుటక వేయించేది ఒకటి, ముఖాన్ని కదిలించేది ఒకటి. ఈ ముఖ కేంద్రకంలో మూతి భాగానికి పైమెదడులో ఒక పక్క నుంచే ఆజ్ఞలు వస్తాయి, నొసటి భాగానికి రెండు పక్కల నుంచీ వస్తాయి. అందుకే పైమెదడు దెబ్బతింటే మూతి పోయినా నొసలు ముడుచుకుంటుంది. కేంద్రకమో దాని నరమో చెడితే నొసలు కూడా ఆ వైపు కదలదు. అత్తకు కాలూ చెయ్యీ బాగానే ఉన్నాయి. నరం ఒక్కటే అయితే చాలామందికి దానంతటదే తగ్గుతుంది. తేల్చడానికి ఆమె ఒక్కసారి నొసలు చిట్లిస్తే చాలు.

చిట్లించదే! "ఇన్నేండ్లు చిట్లియ్యకు చిట్లియ్యకు అని నా పానం తీసిండ్రు. ఇయ్యాల మూతి వంకరవోంగనే చిట్లియ్యుమంటరా? ఎక్కిరిస్తున్నవారా నన్ను?" అని కొంగు ముఖం మీదికి లాక్కుని కూర్చుంది. జన్మలో ఆమెను అంత శాంతంగా చూడలేదు. కాళ్లు పట్టుకున్నా లాభం లేకపోయింది. వాకిట్లో ఎడ్లు సిద్ధంగా ఉన్నాయి. చివరికి మామకే ఓపిక నశించింది. "నీతోని ఎప్పుడు గింతే! నూలుకు గంజి పెట్టుడు గూడ మా చెల్లెకొచ్చినట్టు నీకు రాలే" అని అరిచాడు. అత్త కొంగు వదిలేసి గిర్రున తిరిగింది. కుడివైపు నొసలు ఎప్పటిలాగే ముడతలు పడింది. ఎడమవైపు ఇస్త్రీ బట్టలా ఉంది. "సగమే అత్తా, సగమే!" అని నేను గంతులేస్తుంటే నాకు మతి పోయిందనుకున్నారు.

నచ్చజెప్పేసరికి నా తాతలు దిగొచ్చారు గానీ, బండి మాత్రం ఆసుపత్రికి మళ్లింది. అక్కడి డాక్టరూ నరమే అన్నాడు. ఆ తర్వాత కొన్ని వారాలు మామ రోజూ పొద్దున చెల్లెలి గంజి సంగతి ఎత్తి, అత్త నొసటి వైపు ఆశగా చూసేవాడు. ఎడమవైపు మొదటి ముడత కనిపించిన రోజు తిట్లు తింటూనే కళ్లు తుడుచుకున్నాడు.

మామ పోయాక అత్త చాలా ఏళ్లు బతికింది. ఏళ్లు గడిచినకొద్దీ ఆమె నొసలు రెండు వైపులా చిట్లించడమే మానేసింది. దానికి కారణం నా చదువులోని ఏ కేంద్రకంలోనూ దొరకలేదు.