నీళ్లకి దుడ్డు ఇయ్యను

తడిసిన గొర్రెల వాసన వస్తే చాలామంది ముక్కు మూసుకుంటారు. నాకు మాత్రం కోపం వస్తుంది. మొన్న పొద్దున హోసూరు దాటాక కర్ణాటక సరిహద్దులోని జూజువాడి చెక్‌పోస్టు దగ్గర మా ఫ్యాక్టరీ బస్సు అరగంట ఆగిపోయింది. తుంపర పడుతోంది. పక్కనే రెండు అంతస్తులుగా గొర్రెలను ఎక్కించిన లారీ ఒకటి బెంగళూరు వైపు తిరిగి నిలబడి ఉంది. వాసన లోపలికి కొట్టగానే బస్సులో అందరూ కిటికీలు మూసేశారు. నేను మూయలేదు. నా చేతిలోని ఫోనులో మా క్యాంటీన్ నోటీసు ఫోటో ఉంది. మధ్యాహ్నం భోజనాల వేళ మెక్సికో దేశపు బంగారు, వెండి నాణేల్లో పొదుపు గురించి ఉచిత సలహా ఇస్తారట. కింద సలహా ఇచ్చే పెద్దమనిషి పేరు ఉంది. ఎనిమిదేళ్లయినా ఆ పేరు చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఆ మంట ఎందుకో చెప్పాలంటే ముందు మునెమ్మవ్వ గురించి చెప్పాలి.

కృష్ణగిరి నుంచి హోసూరుకు కొత్తగా ఉద్యోగానికి వచ్చి, మత్తిగిరిలో ఆమె ఇంటి పక్క పోర్షన్‌లో అద్దెకు దిగాను. అవ్వ సొంతూరు జవళగిరి. మొగుడు పోయి చాలా కాలమైంది, పిల్లలు లేరు. పశువుల ఫారం కంచె వెంబడి నలభై గొర్రెలను మేపుకుంటూ బతికేది. చదువు రాదు కానీ తెలుగు, కన్నడ, అరవం మూడింట్లోనూ ధారాళంగా తిట్టడం వచ్చు. నేనేమో ఫ్యాక్టరీలో నాణ్యత తనిఖీ విభాగం. మందం, వెడల్పు కొలిచే వెర్నియర్ చేతిలో ఉంటే వెంట్రుకంత తేడా కూడా నా కన్ను దాటిపోదని కొంచెం పొగరుగానే ఉండేదాన్ని. అద్దె తక్కువని చేరిన ఇల్లు, అవ్వ రాగిసంగటికి అలవాటుపడి ఆరేళ్లు వదలలేదు.

ఆమె పనితనం మొదటిసారి చూసింది సంతలో. మా ఇంట్లో దేవరకు బలి ఇవ్వడానికి పొట్టేలు కావాలని నాన్న అంటే, కొనిపెట్టమని అవ్వను వెంట తీసుకెళ్లాను. వ్యాపారి పొట్టేలును కాటాకు వేలాడదీసి ముప్పై కిలోలన్నాడు. కాటాలో మోసం లేదు, నేనే వంగి చూశాను. అవ్వ కాటా వైపే చూడలేదు. పొట్టేలు నడుం మీద నాలుగు వేళ్లు ఆనించి నొక్కింది. తర్వాత డొక్క మీద అరచేత్తో తట్టి చెవి పెట్టింది.

"ఉప్పు నాకించి నీళ్లు తాపినావు కదప్పా. కండకి దుడ్డు ఇస్తాను. నీళ్లకి దుడ్డు ఇయ్యను," అంది.

వ్యాపారి నవ్వాడు, ఒట్టు పెట్టుకున్నాడు, ఆఖరికి ముసలిదానికి చాదస్తమన్నాడు. అవ్వ పొట్టేలు తాడు పట్టుకుని పక్కనే నేల మీద కూర్చుని, నాకి తొందర లేదప్పా అంది. ఆకూవక్కా వేసుకుంది. గంటలో పొట్టేలు రెండుసార్లు ఉచ్చ పోసింది. అప్పుడు లేచి మళ్లీ కాటా వేయమంది. దాదాపు రెండు కిలోలు తగ్గింది. చుట్టూ చేరినవాళ్లు నవ్వుతుంటే వ్యాపారి ధర తగ్గించాడు. ఈ కథను ఫ్యాక్టరీలో స్నేహితులకు ఎన్నిసార్లు చెప్పి నవ్వించానో లెక్కలేదు. నవ్వించడమే తప్ప నేర్చుకున్నదేమీ లేదని అప్పటికి నాకు తెలియదు.

కొన్నేళ్లకు మేత భూములన్నీ ఇళ్ల స్థలాలయ్యాయి. రాళ్లు పాతారు, ముళ్లకంచెలు వేశారు. అవ్వ మోకాళ్లు కూడా మొరాయించాయి. మందను ఒకేరోజు అమ్మేసింది. ఆ రోజంతా తలుపు తీయలేదు. మర్నాడు డబ్బు మూట నా ముందు పెట్టి కూర్చుంది. జవళగిరిలో తమ్ముడి కొడుకు దొడ్డి కట్టుకుంటున్నాడట. ఏడాదో రెండేళ్లో ఆగితే అవ్వ మళ్లీ కొనే గొర్రెలనూ అందులో పెట్టుకుంటానన్నాడట.

"ఇంట్లో పెట్టుకుంటే ఎవురో ఒకరు చేబదులు అడుగుతారు. మళ్లా గొర్రెలయ్యేది ఏదన్నా ఉంటే చెప్పు సుగుణా," అంది.

నేను చెప్పాను. ఈ వాక్యం రాయడానికి నాకు సిగ్గుగా ఉంది, కానీ చెప్పింది నేనే. ఆ పెద్దమనిషి అప్పటికే మా క్యాంటీన్‌లో ఒకసారి మాట్లాడి వెళ్లాడు. ఇస్త్రీ చొక్కా, మెత్తటి గొంతు, ఎవరి భాషలో వాళ్లతో మాట. నగ కొంటే కూలి, తరుగు పోతాయని, మెక్సికో నాణెం కొంటే గ్రాము కూడా వృథా కాదని బల్ల గుద్ది చెప్పాడు. నేను రెండు వెండి నాణేలు కొనుక్కున్నాను కూడా. అవ్వ చేత ఒక పెద్ద బంగారు నాణెం, మిగిలిన డబ్బుకు వెండి నాణేలు కొనిపించాను. బంగారు దాని మీద ఒకవైపు పామును పట్టిన గద్ద, ఇంకోవైపు రెక్కల ఆడమనిషి. రెక్కలుండాయే, ఎగిరిపోదు కదా అని అవ్వ నవ్వింది. నేను ఆ నాణేన్ని ఫ్యాక్టరీకి తీసుకెళ్లి మా సున్నితపు కాటా మీద పెట్టాను. నలభై ఒకటిన్నర గ్రాములకు కాస్త పైన, బిల్లులో రాసినట్టే ఉంది. వెర్నియర్‌తో వెడల్పు కొలిచాను. అదీ సరిపోయింది.

నాణేన్ని తిరిగి చేతిలో పెట్టినప్పుడు అవ్వ అడిగింది ఒక్కటే మాట. "ఇందులో బంగారం ఎంత ఉండాది?"

"అంతా బంగారమే అవ్వా. కొలిచి చూశాను కదా," అన్నాను.

చదవేస్తే ఉన్న మతి పోయిందంటారు. అది నా గురించే.

ఏడాదిన్నరకు జవళగిరిలో దొడ్డి తయారైంది. నాణెం అమ్మి గొర్రెలు కొందామని, కృష్ణగిరిలో మా ఇంటివాళ్లకు నగలు చేసే ఆచారి దగ్గరకు అవ్వను తీసుకెళ్లాను. ఆయన గీటురాయి మీద గీసి చూసి, ఇది మేలిమి కాదమ్మా, ఇరవై రెండు క్యారెట్ల కంటే కూడా కాస్త తక్కువే, రాగి కలిసిందన్నాడు. నాణెం మాత్రం అసలైనదేనట, ఆ దేశంలో దాన్ని అలాగే పోస్తారట. నేను బిల్లు తీశాను. మొత్తం తూకానికి మేలిమి ధర కట్టి ఉంది. నాలుగు గ్రాముల పైచిలుకు రాగికి అవ్వ బంగారం ధర ఇచ్చింది. అంటే మూడు గొర్రెలు.

అవ్వ నాణెం మీద ఏం రాసుందో చదవమంది. ఏడాదిన్నరగా నేను కొలవడమే తప్ప చదవలేదు. రెక్కల ఆడమనిషి పక్కనే చిన్న అక్షరాలున్నాయి. ఫోనులో అర్థం వెతికాను. శుద్ధమైన బంగారం ముప్పై ఏడున్నర గ్రాములు. అంత స్పష్టంగా, నాణెం తన ఒంటి మీదే రాసుకుని ఉంది. చేసినవాడు దాచలేదు. అమ్మినవాడు దాచాడు. కొలిచిన నేను చదవలేదు.

మర్నాడు హోసూరులో ఆ పెద్దమనిషి దుకాణానికి వెళ్లాం. కాఫీ తెప్పించాడు. అవ్వ వైపు చూడకుండా నాతో ఇంగ్లీషులో మాట్లాడాడు. మీరు చదువుకున్నవారు, ఆవిడకు మీరే అర్థమయ్యేలా చెప్పండన్నాడు. నాణెం అసలైనదా కాదా, తూకం సరిపోయిందా లేదా అన్నాడు. అయినా బంగారం ధర పెరిగింది కదా, ఆమెకు లాభమే వచ్చింది కదా అన్నాడు. తేనె పూసిన కత్తి. అదంతా నేను అవ్వకు తెలుగులో చెప్పాను. వాడి మాటల్ని నా నోటితో మోశాను.

అవ్వ కాఫీ ముట్టలేదు. "గొర్రె ధర పెరిగితే దాని కడుపులో నీళ్లు కండ అవుతాయా అప్పా?" అని అడిగింది.

దుకాణంలో ఉన్న నలుగురూ తల తిప్పి చూశారు. అతని ముఖం మాడింది. సొరుగులోంచి ఒక కాగితం తీశాడు. తేడా డబ్బు ఇస్తాడట. వయసు మీద పడి తనకు సరిగా అర్థం కాలేదని, దుకాణం తప్పేమీ లేదని ఒప్పుకుంటూ అవ్వ వేలిముద్ర వేయాలట. నేను నెమ్మదిగా, వేసేయ్ అవ్వా, డబ్బు వస్తుంది కదా అన్నాను. మూడు గొర్రెల ధర. ఆమె నా వైపు ఒక్కసారి చూసి, నాణేన్ని కొంగున ముడివేసుకుని మెట్లు దిగిపోయింది.

మత్తిగిరిలో బస్సు దిగబోయే ముందు, "కొలిచేది నేర్చుకున్నావు సుగుణా. అడిగేది నేర్చుకోలేదు," అంది. తిట్టినా బాగుండేది. మూడు భాషల్లో తిట్లు వచ్చినామె నన్ను ఒక్క తిట్టూ తిట్టలేదు.

ఆ వీధిలో ఆ తర్వాత నేను విన్నది ఇప్పటికీ నా రక్తం మరిగిస్తుంది. చదువు లేని ముసలిది, విదేశీ బంగారానికి ఆశపడి మోసపోయిందన్నారు. పాపం అన్నారు. నవ్వారు కూడా. మోసపోవడానికి చదువు లేకపోవడమేనా కారణం? అడగాల్సిన ప్రశ్నను అక్కడ అడిగింది ఆమె ఒక్కతే. తప్పు జవాబు చెప్పింది డిప్లొమా చదివిన నేను. ఆమె చదువుకున్న నన్ను నమ్మింది. అంతే ఆమె చేసిన నేరం. ఆ పెద్దమనిషిని మాత్రం ఎవరూ ఒక్క మాటా అనలేదు, అతనికి ఇంకా నమస్కారాలే పెట్టారు.

అవ్వ వెండి నాణేలతో పాటు బంగారు నాణేన్నీ అందులో ఉన్న బంగారానికే అమ్మి, మూడు గొర్రెలు తక్కువగా కొనుక్కుని జవళగిరి వెళ్లిపోయింది. నేను ఆ మూడు గొర్రెల డబ్బు తీసుకెళ్తే, నీళ్లు తాపింది నువ్వు కాదు కదా అని వెనక్కి పంపేసింది. రెండేళ్ల క్రితం పోయింది. నేను వెళ్లేసరికి దొడ్డిలో గొర్రెలు అరుస్తూనే ఉన్నాయి.

మొన్న మధ్యాహ్నం క్యాంటీన్‌లో అదే ఇస్త్రీ చొక్కా, అదే మెత్తటి గొంతు. ప్లాస్టిక్ డబ్బీలో రెక్కల ఆడమనిషిని పైకెత్తి చూపిస్తూ తూకం చెప్పాడు, ధర చెప్పాడు. చుట్టూ కొత్తగా చేరిన అమ్మాయిలు ఫోనుల్లో రాసుకుంటున్నారు. నేను లేచాను. ఇంగ్లీషులో అడుగుదామనుకున్నాను. నోట్లోంచి మాత్రం అవ్వ మాటే వచ్చింది.

"తూకం కాదప్పా. ఇందులో బంగారం ఎంత ఉండాది?"

నన్ను గుర్తుపట్టాడో లేదో తెలియదు. వివరాలు తర్వాత విడిగా మాట్లాడుకుందాం మేడమ్ అన్నాడు. నాణెం మీదే రాసుంది, అందరూ చదవనీండి అన్నాను. ముందు వరుసలో ఉన్న అమ్మాయి మజ్జిగ గ్లాసు కింద పెట్టి, ఇటు ఇవ్వండి సార్ అని చెయ్యి చాచింది. అతను నవ్వాడు, వాచీ చూసుకున్నాడు, డబ్బీ మాత్రం వదల్లేదు. నేను కుర్చీ లాక్కుని అతని ఎదురుగానే కూర్చున్నాను. నాకు తొందర లేదు.