మిగులు వంతు

ఉప్పళంలో మా నేతవాళ్ళ వీధికి వెళ్ళి సుబ్బరాయలు పేరెత్తి చూడండి. ఇప్పటికీ ధర్మరాజు అంటారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. ఆయన ధర్మం చేసిన మాట నిజమే. ఎవరి వంతు తీసి చేశాడో మాత్రం ఎవరూ చెప్పరు. ఆయన భార్య సౌభాగ్యం మా నాయనకు మేనత్త. ఈ కథ ఆమెది.

అప్పట్లో పుదుచ్చేరిలో పరాసువాళ్ళ పాలన, అంటే ఫ్రెంచివాళ్ళది. చిన్న తగాదాలను కోర్టుదాకా పోనివ్వడం మావాళ్ళకు నామోషీ. నూలు పంపకంలో మాట తేడా వచ్చినా, పక్కింటి గోడ జరిగిందన్నా సుబ్బరాయలు ఇంటి అరుగు మీదే తేలాలి. అందుకు మా వీధిలో ఒక కట్టుబాటు ఉండేది. తీర్పు చెప్పిన పెద్ద తన వంతు ముందుగా తీసుకోకూడదు. అందరూ తీసుకోగా మిగిలిందే ఆయన ఇంటికి. దాన్ని మిగులు వంతు అనేవారు. పెద్దమనిషి తన వైపు లాక్కోకుండా ఉండడానికి ఎప్పుడో ఎవరో పెట్టారు. మంచి కట్టుబాటే. పెద్దమనిషికి పెళ్ళాం లేకపోతే ఇంకా మంచిది.

నూలు పంచితే చిక్కుపడ్డ దారపు చిలప ఆ ఇంటికి వచ్చేది. అమ్మవారి పొంగళ్ళకు పొయ్యిల స్థలం పంచితే గాలికి పొగ కొట్టే మూల వచ్చేది. సుబ్బరాయలు కండువా భుజాన సర్దుకుని మనకు ఇది చాలు అనేవాడు. తర్వాత ఆయన అరుగు మీద కూర్చునేవాడు, చిక్కు విప్పేదీ పొగలో కళ్ళు నులుముకునేదీ సౌభాగ్యం. ఆమె నోరు లేని మనిషేం కాదు. చేపలమ్మే మనిషితో బేరానికి దిగితే ఆ మనిషే దండం పెట్టి పోయేది. కానీ నలుగురిలో మొగుడి మాట తీసేయడం ఆమెకు ఎవరూ నేర్పలేదు.

ఐరోపాలో మొదటి పెద్ద యుద్ధం ఇంకా మొదలుకాని రోజులవి. రేవుకు పోయే పెద్ద రోడ్డులో కాలువ మీది వంతెన విప్పి కొత్తది కట్టడం మొదలుపెట్టారు. దాంతో రెడ్డియార్‌పాళయం మీదుగా వేరుశనగ మూటలతో వచ్చే ఎద్దుబండ్లన్నీ మా వీధిలోకి మళ్ళాయి. అక్కడ వచ్చింది చిక్కు. మగ్గానికి ఎక్కించేముందు పడుగు దారాలను వీధి పొడవునా పరిచి, గంజి పెట్టి, అటొకరు ఇటొకరు నిలబడి కుంచెతో దువ్వాలి. ఆ పని తెల్లవారుజామున చల్లపూటే చెయ్యాలి. ఎండెక్కితే దువ్వేలోగానే గంజి బిగుసుకుపోయి దారాలు ఒకదానికొకటి అంటుకుంటాయి, మగ్గం మీద తెగుతాయి. బండివాళ్ళకూ తెల్లవారుజామే కావాలి. సముద్రం నెమ్మదిగా ఉన్నప్పుడే పడవలు మూటలు ఎక్కించుకుని ఓడ దగ్గరికి వెళతాయి. ఆలస్యమైతే ఆ రోజు కూలి లేదు.

ఒకరోజు ఒక ఎద్దు బెదిరి కుప్పమ్మాళ్ పడుగులోకి దిగింది. కుప్పమ్మాళ్ వితంతువు, ఆ పడుగే ఆమెకు ఆధారం. మగవాళ్ళు కర్రలు తీశారు. పోలీసులు వచ్చి ఇరువైపులా తిట్టి, మీలో మీరు ఒక మాటకు రాకపోతే వీధిలో పడుగు అన్నదే కనపడకూడదని చెప్పిపోయారు.

సుబ్బరాయలు అందరినీ కూర్చోబెట్టాడు. నిజం చెప్పాలి, మంచి ఓపిక ఆయనది. బండివాళ్ళ పెద్ద ఇరుసప్పన్‌ను పిలిచి పడవలు ఎప్పుడు కదులుతాయో, ఎద్దులు ఎక్కడ నీళ్ళు తాగుతాయో అడిగాడు. నేతవాళ్ళను ఇంటింటికీ విడివిడిగా అడిగాడు. కుప్పమ్మాళ్‌ను రెండుసార్లు అడిగాడు. చివరికి ఇట్లా తేల్చాడు. ముందు పడుగులు. వీధిలో ఎండపొడ పడేసరికి అవి ఎత్తేసి బండ్లకు దారివ్వాలి. బండ్లు వీధి మొదట్లోనే ఆగి ఉండాలి. అయితే చల్లపూట అన్ని ఇళ్ళకూ చాలదు. ఒక ఇల్లు బండ్లు పోయాక ఎండలో పరుచుకోవాలి. ఆ ఇల్లు ఏదో వేరే చెప్పనక్కర్లేదు. ఇరుసప్పన్ లేచి చేతులు జోడించాడు. ఆ రోజే ధర్మరాజు అన్న పేరు గట్టిపడింది.

సౌభాగ్యం ఆ మాట తలుపు వెనక నిలబడి వింది.

ఆ రోజునుంచి ఆమె, తోటికోడలు నడినెత్తిన ఎండలో పడుగు దువ్వారు. గంజి పలచగా కలిపి చూశారు, తడిగుడ్డ కప్పి చూశారు. దారాలు తెగుతూనే ఉన్నాయి. గుడ్డ నిండా ముడులు. నూలు ఇచ్చే వర్తకుడు దాన్ని వెలుగుకు పట్టి చూసి, ఇంకోసారి ఇట్లాంటిది తెస్తే ఈ ఇంటికి నూలు ఉండదన్నాడు. నూలు లేకపోతే మగ్గం లేదు. మగ్గం లేకపోతే మిల్లు కూలికి పోవాలి. సౌభాగ్యానికి అన్నం సయించలేదు. మొగుడితో చెబితే, కొన్నాళ్ళు ఓర్చుకో, వంతెన అయిపోతుంది, నేనే మాట తప్పితే వీధి నిలుస్తుందా అన్నాడు. ఆయన చెడ్డవాడు కాడు. తాను ఇచ్చేది తనదేనని మనసారా నమ్మినవాడు. అట్లాంటివాళ్ళతో వేగడమే కష్టం.

వంతెన అయిపోలేదు. పని ఇంకా సాగుతుందని కబురు వచ్చింది. ఏర్పాటును అట్లాగే పొడిగించుకుందామని మళ్ళీ అందరూ అరుగు దగ్గర చేరారు. నేతవాళ్ళు సరే అన్నారు, బండివాళ్ళు సరే అన్నారు. ఇంకెవరికైనా చెప్పుకునేది ఉందా అని సుబ్బరాయలు ఆనవాయితీగా అడిగాడు.

"నాకుండాది" అంటూ సౌభాగ్యం గడప దాటి వచ్చింది.

అందరూ తలలు తిప్పారు.

"అందర్నీ అడిగినారు. ఎద్దులకు నీళ్ళు యాడ అని గూడా అడిగినారు. నన్ను మాత్రం అడగలా."

ఇది తీర్పు చెప్పినవాడి కట్టుబాటు, నీకు తెలియనిది కాదు అన్నాడు సుబ్బరాయలు.

"తీర్పు చెప్పినోరు మీరు. ఎండలో నిలబడేది నేను. మీది అయితే ఎంతయినా ఇచ్చుకోండి. నా వంతు ఎత్తిచ్చి మీరు పేరు తెచ్చుకుంటే అది ఏం ధర్మం?"

ఆయన ముఖం నల్లబడింది. అయితే ఇంకో పెద్దను చూసుకోండి అని కండువా దులుపుకుని లేచాడు. వీధి అంతా ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. పెద్దరికం అంటే ఎవరికి చేదు? కానీ దానితోపాటు మిగులు వంతు కూడా వస్తుందని అందరికీ ఒక్కసారే గుర్తుకొచ్చినట్టుంది. ఇంతకాలం వాకిట్లో మీసం మెలేసినవాళ్ళు కూడా గోళ్ళు చూసుకుంటూ కూర్చున్నారు. ఒక్కడూ ముందుకు రాలేదు.

అప్పుడు సౌభాగ్యమే చెప్పింది. పెద్దగా ఆయనే ఉండనీ. మిగులు మాత్రం ఇల్లిల్లూ తిరగాలి. ఒకరోజు ఈ ఇల్లు, ఒకరోజు ఆ ఇల్లు. ఒకరోజు బండ్లది కూడా, ఆ పూట ఆఖరి ఇల్లు కూడా ఎండ ముదరకముందే పరుచుకుంటుంది, బండ్లే ఆలస్యంగా పోవాలి. బండివాళ్ళలో గొణుగుడు లేచింది. ఇరుసప్పన్ లేచి, ఆ తల్లి ఎండలో నిలబడి ఉంటే పక్కనుంచే రోజూ బండి తోలుకొచ్చాను, ఎందుకని ఒక్కనాడూ అడగలేదు, మా వంతు మేం మోస్తాం అన్నాడు. కుప్పమ్మాళ్‌ను ఈ వంతులోంచి వదిలెయ్యమని కొందరన్నారు. నన్ను ఎవరూ వదలక్కర్లేదని ఆమె కసిరింది.

ఏర్పాటు సాఫీగా ఏం సాగలేదు. నీ రోజు నా రోజు అని గొడవలు పడ్డారు. సుబ్బరాయలు ఇంట్లో మాట మానేశాడు. కంచం ముందు కూర్చుని తినేసి లేచిపోయేవాడు. తన ఇల్లు కూడా పది ఇళ్ళలో ఒకటి అయిపోవడం ఆయనకు కష్టంగా ఉండింది. ఆ బాధ నాకు అర్థమవుతుంది. పేరు పోవడం చిన్న సంగతి కాదు.

వాళ్ళ ఇంటికి మొదటిసారి చల్లపూట వంతు వచ్చిన రోజు తోటికోడలికి జ్వరం. సౌభాగ్యం ఒక్కతే గంజి కుండతో వీధిలో నిలబడి, ఎవరిని పిలవాలా అని చూస్తోంది. అరుగు దిగి సుబ్బరాయలు వచ్చాడు. కండువా నడుముకు బిగించి కుంచె చేతికి తీసుకున్నాడు. పెద్దరికం వచ్చాక ఆయన పడుగు దగ్గరికి వచ్చింది లేదు. ఎటు నిలబడాలో తెలియక కాసేపు తడబడ్డాడు.

"నన్ను ఏ పక్క నిలబడమంటావు?" అని అడిగాడు.

అంత కాపురంలో ఆయన ఆమెను ఏదైనా అడగడం అదే మొదలు. సౌభాగ్యానికి కళ్ళు నిండిపోయాయి. ముసలితనంలో ఇది నాకు చెబుతున్నప్పుడు కూడా నిండాయి. నువ్వేం చెప్పావు అని అడిగాను.

"ఎండ ముందొచ్చే పక్క నిలబడండి అన్నాను" అంది.