ఒడిబియ్యం ఒళ్లో, సర్టిఫికెట్లు ఎక్కడో

పోయిన శుక్రవారం డబ్లిన్ ఎయిర్‌పోర్టులో, పాస్‌పోర్టులు చూసే ఆఫీసర్ ముందు, మూడు కిలోల పసుపు బియ్యం మూట చంకలో పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చిన మనిషిని నేనే. నవ్వండి, నవ్వండి! ఇప్పుడైతే నాకూ నవ్వొస్తోంది. ఆ పూట మాత్రం నన్ను వచ్చిన విమానంలోనే వెనక్కి పంపేస్తారని, ఉద్యోగం ఖతమని, నా పై ప్రాణాలు పైనే పోయాయి.

అసలు సంగతి మొదటినుంచీ చెప్తాను, టీ పట్టుకుని కూర్చోండి. నేను సూర్యాపేట హాస్పిటల్లో మీతోపాటే తొమ్మిదేళ్లు నర్సుగా చేశాను కదా. మా ఆయన నరేష్ ఏడాదిన్నరగా డబ్లిన్‌లో ఉన్నాడు. పరీక్షలు రాసి, ఇంటర్వ్యూలు ఇచ్చి, నిద్ర మానుకుని, ఆఖరికి అక్కడే ఒక హాస్పిటల్లో నాకు నర్సు పోస్టు వచ్చింది. సోమవారం జాయినింగ్. ఒరిజినల్ సర్టిఫికెట్లు చూపించనిదే చేర్చుకోము అని వాళ్లు మెయిల్‌లో ఒకసారి కాదు, రెండుసార్లు రాశారు. రెండోసారి అక్షరాలు లావుగా పెట్టి మరీ రాశారు.

నాకు విమానం కొత్త. అందుకని నాకంటే ముందు ఐర్లాండ్ వెళ్లిన మా సీనియర్ సరళక్కకు ఫోన్ చేశా, అక్కా, చేతి బ్యాగులో ఏం పెట్టుకోవాలె అని. ఆమె వాయిస్ మెసేజ్ పంపింది.

"సూడు రజితా, సూట్‌కేసు పోయినా నువ్వు బతకాలె. గట్ల సర్దుకో నీ చేతి బ్యాగు. ఒరిజినల్స్, వర్క్ పర్మిట్, మందులు, చార్జర్, స్వెటర్, ఒక జత బట్టలు. గంతే! ఇంకేం పెట్టకు. ఎవలేం చెప్పినా ఇనకు."

నేను అక్షరాలా అట్లాగే సర్దాను. ఏడు కిలోల లోపే వచ్చింది. ఆ బ్యాగును చూసుకుని నాకు నేనే ముచ్చటపడ్డాను. ఆ ముచ్చట సరిగ్గా ఒక రోజు నిలిచింది.

మా అమ్మవాళ్లది మిర్యాలగూడ. నాకు పెళ్లయి అయిదో ఏడు, పుట్టింటివాళ్లు ఒడిబియ్యం పోయాల్సిన ఏడు. "దేశం దాటి పోయే బిడ్డను ఉత్త ఒడితోని పంపుతనా?" అని అమ్మ ప్రయాణానికి ముందురోజే ముహూర్తం పెట్టించింది. నన్ను పీట మీద కూర్చోబెట్టి, పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు, పోకవక్కలు, పసుపు కొమ్ములు, రవిక గుడ్డ, అన్నీ ఒళ్లో పోశారు. రైస్ మిల్లుల ఊళ్లో పుట్టిన మనిషికి బియ్యం తక్కువ పోయడం చేతకాదు. బతిమాలి బతిమాలి మూడు కిలోలకు ఒప్పించాను. కొత్త తువాలులో మూట కట్టి, ముడివేసి, చేతికిచ్చింది.

మర్నాడు పొద్దున కోదాడలో మా అత్తగారింటి నుంచి బయలుదేరాలి. మూట తీసి సూట్‌కేసులో పెట్టి జిప్పు లాగుతున్నాను. మా అత్తమ్మ చూసింది.

"ఏందమ్మాయ్, ఒళ్లో పోసినయ్యి సూట్‌కేసులో పెడతన్నావా? అక్కడ బ్యాగులు విసిరేస్తారంట కదా! కాళ్లతో తొక్కుతారంట గూడా. మీ అమ్మ వింటే ఏమనుకుంటది?"

"అమ్మకు చెప్పకండి అత్తమ్మా."

చెప్పకండి అని నోట్లోంచి పూర్తిగా రాకముందే ఆమె ఫోన్ కలిపేసింది. స్పీకర్‌లో అమ్మ గొంతు ఇల్లంతా మోగింది.

"గట్లెట్ల పెడ్తవే? నీకేమన్న తెలివున్నదా? ఒళ్లె పోసినయి నీతోనే పోవాలె. కింద పెట్టొద్దు, ముడి ఇప్పొద్దు. ఆడ మీ ఇంట్ల దీపం పెట్టినంకనే ఇప్పాలె!"

మా అమ్మకూ మా అత్తమ్మకూ పప్పులో పులుపు ఎంత ఉండాలన్న దాని మీద కూడా అయిదేళ్లుగా కుదరలేదు. ఆ రోజు ఇద్దరూ ఒక్కటయ్యారు. ఇద్దరు పెద్దవాళ్లు ఒక్కమాట మీదికి వస్తే మూడో మనిషి గతి ఏమవుతుందో మీకు చెప్పాలా? మూట చేతి బ్యాగులోకి వచ్చింది.

నన్ను ఎయిర్‌పోర్టులో దింపడానికి మా అన్న వెంకన్న కారు తెచ్చాడు. ఎదురు దుకాణంలో నుంచి కాంటా తెచ్చి, బ్యాగు కొక్కేనికి తగిలించి చూశాడు. తొమ్మిదిన్నర కిలోలు! ఏడు దాటితే చేతి బ్యాగును విమానంలోకి రానివ్వరు. కౌంటర్ దగ్గర ఆపేస్తే ఏం చెయ్యాలి? లైన్లో అందరి ముందూ మూట విప్పాల్సి వస్తే?

"ఏమన్న తీసెయ్యి," అన్నాడు అన్న.

బట్టలు తీశాను. స్వెటర్ తీశాను. ఇంకా ఎక్కువే. మందులు, చార్జర్ ఉన్న సంచి తీశాను. ముల్లు కొంచెం దిగింది గానీ ఏడుకు రాలేదు. ఇక మిగిలింది ఫైలు. లామినేషన్ చేయించిన సర్టిఫికెట్లు, మార్కుల మెమోలు, పర్మిట్, అన్నీ కలిపి ఇటుక బరువుంది.

"అన్నా, ఇది మాత్రం చేతుల్నే ఉండాలె."

"కాగితాలు ఎవలెత్కపోతరే? సూట్‌కేసుల పెట్టి తాళం ఎయ్. ఎవలన్న ఎత్కపోతే బంగారం ఎత్కపోతరు, నీ మెమోలతోని వాళ్లేం జేస్కుంటరు?"

ఆ మాట నాకు సబబుగానే తోచింది. అదీ నా తెలివి! పర్మిట్ ఫోన్లో కూడా ఉందిలే అని ధైర్యం చెప్పుకుని ఫైలు సూట్‌కేసులో పడేశాను. దాని మీద అన్న కూర్చుంటే తప్ప మూత పడలేదు. చేతి బ్యాగులో కాస్త ఖాళీ కనిపించేసరికి అత్తమ్మ ఒక అరిసెల కవరు దూర్చింది. ఏడు కిలోలు, సమానంగా!

కారెక్కినప్పటి నుంచీ మనసు ఒకటే పీకుతోంది. మునగాల దాటుతుంటే అన్నాను, "అన్నా, బండి ఆపు, ఫైలు తీసుకుంట."

"మల్ల డిక్కీ తియ్యాలె, తాళం తియ్యాలె, మల్ల నేను దాని మీద కూసోవాలె. సూర్యాపేట పోయినంక సూద్దాం."

సూర్యాపేట వచ్చింది. "టైం అయితాంది, టోల్‌గేట్ దాటినంక సూద్దాం తియ్యి." టోల్‌గేట్ కూడా దాటింది. ఎయిర్‌పోర్టు వచ్చేసింది. సూట్‌కేసు బెల్టు మీద ఊగుకుంటూ లోపలికి పోతుంటే నేను దాని వెనకాలే తొంగిచూస్తూ నిలబడ్డాను. కౌంటర్ అమ్మాయి, "మేడం, అటు వైపు వెళ్లాలి," అని రెండుసార్లు చెప్పింది.

ఇంక సెక్యూరిటీ. మిషన్‌లోంచి నా బ్యాగు రాలేదు. పక్కకు లాగారు. ఒక మేడం మూటను చూపించి హిందీలో, "ఇదేంటి? విప్పు," అంది.

ముడి విప్పొద్దు! ఇంట్లో దీపం పెట్టాకే విప్పాలి! ఇదంతా నాకు వచ్చిన హిందీలో చెప్పడానికి చూశాను. అమ్మ, ఒడి, చావల్, శుభం, ఇంతే చెప్పగలిగాను. ఆమె చాలా ఓపిగ్గా విని, "విప్పు," అంది. విప్పాను. బియ్యం బాగానే ఉంది, కుడుకల దగ్గర ఆగింది ఆమె. ఎండుకొబ్బరిలో నూనె ఉంటుందట, మంట అంటుకుంటుందట, విమానంలోకి కుదరదట. అయిదు కుడుకలు తీసి పక్కన పెట్టింది.

"మేడం, వాటిని చెత్తలో వెయ్యొద్దు, ప్లీజ్!"

"మరేం చెయ్యమంటావ్?"

నాకేం తోచిందో తెలుసా? ఒక కుడుక తీసుకుని అక్కడే నిలబడి కొరకడం మొదలుపెట్టాను. ఒళ్లో పోసింది కడుపులోకి పోతే దోషం ఉండదు కదా అని! ఎండుకొబ్బరి కరకరా నమలుతూ, దగ్గుతూ, కళ్లనీళ్లు కారుస్తూ. వెనక లైన్లో జనం బెల్టులు విప్పి చేత పట్టుకుని నన్నే చూస్తున్నారు. సగం తినేసరికి నావల్ల కాలేదు. మిగిలిన నాలుగున్నరకూ మనసులోనే దండం పెట్టి వదిలేశాను.

విమానం ఎక్కాక మరో గోల. నా సీటు పైన అరలన్నీ నిండిపోయాయి. ఎయిర్ హోస్టెస్ బ్యాగును ముందు సీటు కింద పెట్టమంది. కింద అంటే కాళ్ల దగ్గర! బ్యాగు పెట్టాను, మూట మాత్రం తీసి ఒళ్లో పెట్టుకుని, పైన దుప్పటి కప్పుకున్నాను. ఆమె బెల్టు చూడ్డానికి వచ్చి ఆ ఎత్తు చూసి, ఎంత మర్యాదగా నవ్విందో! అయినా వదల్లేదు, మూట పట్టుకెళ్లి ఎక్కడో వెనక పైఅరలో ఇరికించింది. దిగేదాకా నా మెడ వెనక్కే తిరిగి ఉంది.

గల్ఫ్‌లో దిగి ఇంకో విమానం ఎక్కాలి. అక్కడ నరేష్‌తో, అమ్మతో, అత్తమ్మతో మాట్లాడి, కుడుకల సంగతి దాచి, అంతా మంచిగుంది అని చెప్పేసరికి ఫోన్లో చార్జింగ్ అయిపోయింది. చార్జర్ సూట్‌కేసులో ఉంది. రెండో విమానంలో చలి. స్వెటర్ సూట్‌కేసులో ఉంది. తలనొప్పి మొదలైంది. మాత్రలు సూట్‌కేసులో ఉన్నాయి. నా దగ్గర అరిసెలున్నాయి, బియ్యముంది.

డబ్లిన్‌లో దిగాను. ఆఫీసర్ నెమ్మదస్తుడిలాగే ఉన్నాడు. పాస్‌పోర్టు చూశాడు, ఏం పని మీద వచ్చావన్నాడు. నర్సునని చెప్పాను. సంతోషం, వర్క్ పర్మిట్ చూపించమన్నాడు.

ఫోన్ తీశాను. నల్లగా ఉంది. నొక్కాను. నల్లగానే ఉంది.

"సార్, ఒరిజినల్ సూట్‌కేసులో ఉంది."

"సూట్‌కేసులోనా? మరి చేతిలో ఏముంది?"

"బియ్యం, సార్."

ఆయన కళ్లజోడు తీసి మూటను చూశాడు. "ఐర్లాండ్‌లో బియ్యం దొరుకుతుంది, తెలుసా?" అన్నాడు. వెక్కిరింపుగా కాదు, నిజంగానే తెలియదేమోనని చెప్పినట్టు అన్నాడు. అంతే, నాకు దుఃఖం ఆగలేదు. తొమ్మిదేళ్ల నౌకరీ వదిలేసి వచ్చాను. చదువులకు, పరీక్షలకు ఎంత కష్టపడ్డానో నాకు తెలుసు. ఒక ఫైలు పక్కన పెట్టినందుకు ఇదంతా మట్టిలో కలిసిపోతుందా అని భయం. అక్కడే ఏడ్చేశాను.

నన్ను ఒక బెంచీ మీద కూర్చోబెట్టారు. నాతో వచ్చినవాళ్లంతా వెళ్లిపోయారు. కాసేపటికి ఒక లేడీ ఆఫీసర్ వచ్చి, పద, నీ సూట్‌కేసు చూద్దాం అంటూ బెల్టు దగ్గరికి తీసుకెళ్లింది. బెల్టు తిరుగుతోంది. సూట్‌కేసులు వస్తున్నాయి, పోతున్నాయి. ఆఖరికి బెల్టు ఆగిపోయింది. నాది రాలేదు. మధ్యలో విమానం మారేచోట ఉండిపోయిందట!

ఆమెకే జాలేసి తన చార్జర్ ఇచ్చింది. ఫోన్ వెలిగింది. పర్మిట్ చూపించాను. వాళ్లు హాస్పిటల్‌కు ఫోన్ చేసి కనుక్కున్నారు. గంటన్నర తర్వాత స్టాంపు వేస్తూ మొదటి ఆఫీసర్ అన్నాడు, "ఈసారి కాగితాలు చేతిలో పెట్టుకో, బియ్యం సూట్‌కేసులో పెట్టుకో."

"ఎస్ సార్," అన్నాను. ఈ మాట మా అమ్మకూ అత్తమ్మకూ మీరే చెప్పండి సార్ అనేంత ఇంగ్లిష్ ఆ క్షణంలో నాకు రాలేదు.

సోమవారం వచ్చింది, సూట్‌కేసు రాలేదు. నరేష్ స్వెటర్ వేసుకుని, దాని పొడుగు చేతులు పైకి మడిచి హాస్పిటల్‌కు వెళ్లాను. అక్కడి నర్సింగ్ హెడ్ పెద్దావిడ. ఒరిజినల్స్ ఏవి అంది. జరిగిందంతా చెప్పాను, దాచకుండా, కుడుకలతో సహా. ఆవిడ పెన్ను పక్కన పెట్టింది. తర్వాత, "శుక్రవారం వరకు టైం ఇస్తున్నా. ఆ తర్వాత నేనేం చెయ్యలేను," అంది.

ఆ మూడు రోజులూ నేను తిన్నది ఒంటికి పట్టలేదు. గంటకోసారి ఎయిర్‌లైన్‌కు ఫోన్. బుధవారం సాయంత్రం తలుపు చప్పుడైంది. సూట్‌కేసు! తాళం తీసి, ఫైలు గుండెలకు హత్తుకుని, నేల మీదే కూర్చుని కాగితాలు ఒక్కొక్కటీ లెక్కపెట్టుకున్నాను. గురువారం జాయినయ్యాను.

ఆ రాత్రి ఎందుకో ఒకామె గుర్తొచ్చింది. మూడేళ్ల కింద తుంగతుర్తి నుంచి భర్తను మన వార్డులో చేర్పించడానికి తీసుకొచ్చింది. అన్నం డబ్బా తెచ్చింది, పచ్చడి తెచ్చింది, దుప్పటి, చాప, చెంబు అన్నీ తెచ్చింది. స్కానింగ్ రిపోర్టు మాత్రం ఇంట్లో పెట్టి వచ్చింది. వార్డంతా వినేలా ఆమె మీద అరిచాను.

"అన్నం డబ్బ మరువలే, చెంబు మరువలే, రిపోర్టు మరిస్తివా? ఏం మనిషివమ్మా నువ్వు?"

అమ్మా, తుంగతుర్తి అమ్మా, ఎక్కడున్నావో గానీ నీకు ఇక్కడి నుంచే దండం. నువ్వు కనీసం మధ్యాహ్నం బస్సెక్కి పోయి, పొద్దుగూకేలోపు రిపోర్టు తెచ్చి నా చేతిలో పెట్టావు. నాకు అయిదు రోజులు పట్టింది.