మిరప కల్లంలో నలభై మూడు పాయింట్లు

ఆ రోజుల్లో కాగితం మీద అంకె పడిందంటే అది దేవుడి మాటేనని నమ్మేవాణ్ణి. ఇంటర్ తప్పి, పగలు అమ్మతో మిరప కోతలకు వెళ్తూ, సాయంత్రం వాలీబాల్ ఆడుతుండేవాణ్ణి. మా ఊళ్లో గ్రౌండు లేదు. కాయలు ఎత్తేశాక ఖాళీ అయిన మిరప కల్లమే మా కోర్టు. సర్వీసుకు ముందు మడమతో నేలను రెండుసార్లు తన్నడం నాకు అలవాటు (అదో స్టైలని నా గొప్ప). ఆ దెబ్బకు కారపు దుమ్ము లేచి, గాలివాటుకు అవతలి జట్టు మొహాన కొట్టేది. మాకైతే అది పుట్టినప్పటి నుంచీ పీల్చిన ఘాటే. పొరుగూరి వాళ్లు మాత్రం తుమ్మలేక చచ్చేవాళ్లు. ఈలోగా బంతి వాళ్ల మధ్య పడేది. కోర్టు మారి గాలి ఎదురైతే నా పాయింట్లు తగ్గేవి. ఎందుకో ఆలోచించలేదు (ఆలోచిస్తే మానేసేవాణ్ణా అంటే, ఏమో!).

స్కోరు రాసేది చర్చిలో ఉపదేశిగా ఉన్న మా పెదనాన్న. ఆ ఏడు టోర్నమెంటులో నా పేరున నలభై మూడు రాశాడు. అప్పుడే చీరాలలో ఒక మిల్లు వాళ్లు తమ జట్టుకు ఆటగాళ్లను తీసుకుంటున్నారనీ, నెగ్గితే పర్మనెంటు ఉద్యోగమనీ తెలిసింది. కోతల నుంచి రాగానే అమ్మ మండే చేతుల్ని మజ్జిగలో ముంచుకుని కూర్చునేది. నాకు ఉద్యోగం వస్తే ఆ చేతులకు సెలవు. పెదనాన్ననీ, స్కోరు పుస్తకాన్నీ వెంటబెట్టుకుని వెళ్లాను.

అక్కడ ఇసుక నేల. రెండుసార్లు తన్నాను, కాలు కూరుకుపోయింది. పది సర్వీసుల్లో ఎనిమిది నెట్‌కే తగిలాయి. మిల్లు సారు పుస్తకం చూసి, “ఏమయ్యా, ఈ నలభై మూడూ నీవేనా?” అన్నాడు.

“నావేనండి” అన్నాను.

పెదనాన్న నిలబడ్డాడు. “వాడివేనండి. కాకపోతే పక్క వరసలో తుమ్ములు కూడా రాశాను, చూడండి. ముప్ఫై ఆరు.”

భూమిలోకి కుంగిపోయాను. సారు నవ్వలేదు. “ఆ దుమ్ములో వీడి సర్వీసు తీసినవాడు ఎవడన్నా ఉన్నాడా?” అని అడిగాడు.

“పర్చూరు కుర్రాడొకడున్నాడండి. కళ్లనీళ్లు కారుతున్నా తొమ్మిది తీశాడు. వాడి పేరున పాయింట్లు మాత్రం సున్నా.”

సారు అక్కడికక్కడే పర్చూరుకు కబురు పంపాడు; ఉద్యోగం ఆ సున్నా కుర్రాడికి వచ్చింది. బస్సులో పెదనాన్నకు దూరంగా వెనక సీట్లో కూర్చున్నాను. ఇంట్లో అమ్మ విని, గిన్నెలోంచి చేతులు తీయకుండానే, “పోన్లేరా, మన దుమ్ము తిన్నాడుగా, వాడికి రావాల్సిందేలే” అంది. చాలా ఏడ్చాను. ఆమె మరో ఆరేళ్లు కోతలకు వెళ్లింది, నేను లారీ ఆఫీసులో చేరేదాకా. ఆ బాధ ఇప్పటికీ ఉంది.

మొన్న మనవడు ఫోనులో ఎవరెవరితోనో ఆడి, “తాతా, నా స్కోరు చూడు, అందరికంటే ఫస్టు!” అన్నాడు.

“బాగుందిరా. గాలి ఎటు నుంచి వీచింది?” అన్నాను.

“ఫోన్లో గాలేంటి తాతా!” అని పకపకా నవ్వాడు. నేనూ నవ్వబోయాను గానీ, ఈలోగా తుమ్మొచ్చింది.