రత్నం సార్ చల్లటి చాయ్

చల్లారిన చాయ్ మీద మీగడ పొర కడుతుంది. దాన్ని వేలితో పక్కకు తీసేటప్పుడు అల్లం వాసన ఇంకా సన్నగా వస్తుంది. నిజామాబాద్‌లో మా విత్తనాల కంపెనీ ఆఫీసులో మొన్న అలాగే గ్లాసు ముందు పెట్టుకుని కూర్చుంటే, కొత్తగా చేరిన సమీర్ అడిగాడు. "మేడం, అందరితోని మంచిగ ఉంటె ఉద్యోగంల పైకొస్తమా? మెత్తగ ఉంటె తొక్కేస్తరంటున్నరు." వాడికి చాయ్ తెప్పించి పంపేశాను గానీ, ఆ ప్రశ్న మాత్రం వెళ్లలేదు. దానితోపాటు రత్నం సార్ జ్ఞాపకం వచ్చి ఎదురు కుర్చీలో కూర్చుంది.

వ్యవసాయ డిప్లొమా అయ్యాక నా మొదటి ఉద్యోగం బోధన్ వైపు ఒక చక్కెర ఫ్యాక్టరీలో. రత్నం సార్ అక్కడ చెరుకు ఇన్‌స్పెక్టర్. పొట్టి మనిషి, ఇస్త్రీ మడత చెదరని చొక్కా, ఆదివారం చర్చిలో అందరికంటే గట్టిగా, అందరికంటే అపశ్రుతిలో పాడే గొంతు. మోస్రా చుట్టుపక్కల ఊళ్లలో ఎవరి చెరుకు ఎప్పుడు కొట్టాలో వంతు వేసేది ఆయనే. వంతు ఆలస్యమైతే చెరుకు ఎండి తూకం పడిపోతుంది. అందుకని అందరికీ ముందు వంతే కావాలి. మాకు ఇంకో ఇన్‌స్పెక్టర్ ఉండేవాడు, మహా తియ్యటి మనిషి. ఎవరు అడిగినా భుజం మీద చెయ్యి వేసి "చూద్దాం" అనేవాడు. రైతులు ఆయన్ని దేవుడనేవారు, వంతు వచ్చే దాకా. ఆ తర్వాత ఏమనేవారో ఇక్కడ రాయలేను.

రత్నం సార్ పద్ధతి వేరు. వంతు వెనక్కి పడిన రైతు ఇంటికి తనే వెళ్లి చెప్పేవారు. నన్నూ వెంట తీసుకెళ్లేవారు. మొదటిసారి వెళ్లింది మోస్రాలో గంగారాం ఇంటికి. మేం కూర్చోగానే చాయ్ వచ్చింది. ఎండలో తిరిగి వచ్చిన నేను గబుక్కున గ్లాసు అందుకోబోతే, సార్ కళ్లతోనే ఆపారు. తన గ్లాసు కూడా ముట్టుకోలేదు. ఈ నెలలో కోత కాదని, వచ్చే నెల దాకా ఆగాలని నేరుగా చెప్పేశారు. గంగారాం ముఖం మాడిపోయింది.

"గీ మాట చెప్పనీకి గింత దూరం రావాల్నా సారూ? ఫోన్ల చెప్తే అయిపోతుండె గద."

"ఫోన్ల అయితే నువ్వు తిట్టేది నాకు సగమే ఇనవడ్తది అన్నా," అన్నారు సార్.

గంగారాం మొహమాటపడలేదు, మొత్తం తిట్టాడు. మంచోడివని విన్నాను, ఇదేనా నీ మంచితనం అన్నాడు. సార్ అంతా విని, ఎందుకు వెనక్కి పడిందో చెప్పి, ఈలోగా చేనుకు నీళ్లు ఎప్పుడు కట్టుకుంటే తూకం నిలుస్తుందో మాట్లాడి, అప్పుడు గ్లాసు తీసుకున్నారు. అప్పటికి చాయ్ చల్లబడిపోయింది. గంగారాం భార్య మళ్లీ వేడి చేస్తానన్నా వద్దని అలాగే తాగేశారు. బండి మీద వస్తూ ఇదేం ఆచారం సార్ అని అడిగాను. "ముందుగాల చాయ్ తాగితె నోరు మెత్తవడ్తది బిడ్డ. ఇగ 'చూద్దాం' అనుడే వస్తది," అన్నారు.

ఆ ఏడాది ఇన్‌స్పెక్టర్లందరి పైన ఉండే కేన్ ఆఫీసర్ పోస్టు ఖాళీ అయింది. ఎవరికి వచ్చిందో మీరు ఊహించే ఉంటారు. "చూద్దాం" సార్‌కే. పైవాళ్లకు కూడా ఆయన ఎప్పుడూ కాదని చెప్పలేదు మరి. నాకు ఒళ్లు మండిపోయింది. మంచిగా ఉండి మీరేం బావుకున్నారని సార్‌నే నిలదీశాను. ఆయన నవ్వి ఊరుకుంటారనుకున్నాను. నవ్వలేదు. "బాధైతే అయింది బిడ్డ. రాత్రి బువ్వ తినబుద్ధి కాలే. అబద్ధమెందుకు?" అన్నారు. మర్నాడు మాత్రం ఎప్పటిలాగే ఇస్త్రీ చొక్కా వేసుకుని బండి తీశారు. ఆ రెండు సంగతుల్లో ఏది నన్ను ఎక్కువ తాకిందో ఇప్పటికీ చెప్పలేను.

తర్వాత ఫ్యాక్టరీ ఆగిపోయింది. దసరాకు తెరుస్తారని, ఉగాదికి తెరుస్తారని కొత్త ఆఫీసర్ అందరికీ తియ్యగా చెబుతూనే ఉన్నాడు. జీతం లేకపోయినా నేనూ ఎదురుచూస్తూ కూర్చున్నాను. మా ఇంట్లో నెల జీతం ఎరిగిన మొదటి మనిషిని నేను. బీడీలు చుట్టి చుట్టి అమ్మ వేళ్లు వంగిపోయాయి. ఈ ఉద్యోగం పోతే మళ్లీ నేను కూడా ఆ బీడీల చాట ముందే కూర్చోవాలి. ఆ భయంతోనే, పోదు పోదని గట్టిగా నమ్మాను.

ఒక సాయంత్రం సార్ మాక్లూర్‌లో మా ఇంటికి వచ్చారు. అమ్మ చాట పక్కన పెట్టి సంబరంగా చాయ్ చేసి తెచ్చింది. సార్ గ్లాసు తీసుకుని కింద పెట్టారు. తాగలేదు. ఆయన ఇంకా నోరు తెరవకముందే నాకు తెలిసిపోయింది.

"ఇగ నడవదు బిడ్డ. ఆశ వెట్టుకోకు. వేరే పని చూస్కో."

"అందరు తెరుస్తరంటున్నరు గద సార్."

"అననీ. వాళ్లు నీకు మంచోళ్లు కావాలనుకుంటున్నరు. నాకు నువ్వు బతకాలె."

నేను ఏడ్చాను. ఆయన మీదే కోపం వచ్చింది కూడా. ఆయన గంగారాం దగ్గర విన్నట్టే నా మాటలూ విన్నారు. ఆ తర్వాతే చల్లటి చాయ్ తాగి, రేపు మోస్రాకు వెళ్లి గంగారాంను కలవమన్నారు. అంతగా తిట్టిన మనిషి నాకేం చేస్తాడని నా అనుమానం. గంగారాం అప్పటికి ఒక కంపెనీకి విత్తన జొన్న పండిస్తున్నాడు. నన్ను వెంటబెట్టుకుని నిజామాబాద్ తీసుకొచ్చి, మేనేజర్ ముందు ఒకే మాట అన్నాడు. "రత్నం సారు దగ్గర పని నేర్సిన పిల్ల. కాని పనిని అయితదని చెప్పదు." అలా దొరికిన ఉద్యోగమే ఇది.

రిటైరయ్యాక సార్‌కు ఆరోగ్యం చెడిందని తెలిసి బోధన్ వెళ్లాను. మంచం మీద చిన్నగా అయిపోయి ఉన్నారు. చొక్కాకు మాత్రం ఇస్త్రీ ఉంది. వచ్చినవాళ్లంతా ఫ్యాక్టరీ తెరుస్తున్నారని, లేచి తిరిగితే మొదటి చెరుకు బండి మీరే లోపలికి పంపాలని ఆయనకు చెప్పి వెళుతున్నారు. ఫ్యాక్టరీ దారిలోనే వచ్చిన నేను, అక్కడి యంత్రాలు విప్పి లారీలకు ఎక్కించడం కళ్లారా చూశాను. సార్ భార్య ఇద్దరికీ చాయ్ తెచ్చారు.

"అందరు తెరుస్తరంటున్నరు. నువ్వేమంటవు బిడ్డ?" అని అడిగారు సార్.

అబద్ధం నాలుక చివరి దాకా వచ్చింది. ఆ ఒక్కసారికి ఆయన కూడా క్షమించేవారేమో. నేను నా గ్లాసు తీసి కిటికీలో పెట్టాను.

సార్ గ్లాసు వైపు చూశారు, తర్వాత నా ముఖం వైపు. కళ్లు మూసుకున్నారు. నాకేమో ఎందుకు వచ్చానా అనిపించింది. తర్వాత చెయ్యి చాపి నా చెయ్యి పట్టుకున్నారు. "మంచి పని చేసినవు," అన్నారు. "ఇగ తాగు."

సమీర్ మంచి పిల్లాడు. వాడు చూసే ప్రాంతంలో పనిని వచ్చే సీజన్ నుంచి కంపెనీ ఎత్తేస్తోంది, దానితో వాడి ఉద్యోగమూ పోతుంది. ఆ సంగతి వాడికి మెయిల్‌లో చెప్పమని నాకు పైనుంచి మాట వచ్చింది. వాడి కోసం వర్నిలో ఇంకో చోట మాట్లాడి పెట్టాను. రేపు పొద్దున వాడి ఇంటికి వెళుతున్నాను. వాళ్లమ్మ చాయ్ పెడుతుంది.