చీర వెనక వైపు

నిన్న మధ్యాహ్నం నాగర్‌కర్నూల్‌లో మా ఇంటికి ఒక పార్సిల్ వచ్చింది. కవరు చింపగానే కొత్త నూలు వాసన, గంజి వాసన కలిసి గుప్పుమన్నాయి. చీర బయటికి తీసి, రంగు చూడకుండా, కొంగు చూడకుండా, ముందు తిరగేశాను. పట్టు అంచు నూలు చీరకు కలిసే చోట వేలు పెట్టి మెల్లగా జరిపాను. సన్నటి గరుకు తగిలింది. నాకు తెలియకుండానే నవ్వొచ్చింది. పక్కన హోంవర్కు చేసుకుంటున్న మా అమ్మాయి తలెత్తి, "చీరను ఎవరన్న ఉల్టా చూస్తరా మమ్మీ?" అంది. చూస్తారు. నాకు అలా చూడటం నేర్పిన మనిషి గద్వాలలో ఉంది. ఆమె పేరు అనసూయమ్మ. నేను పెద్దమ్మ అని పిలుస్తాను, చుట్టరికం ఏమీ లేకపోయినా.

మాది బిజినేపల్లి దగ్గర ఒక ఊరు. ఆముదాలు, పత్తి తప్ప మా ఇంట్లో ఇంకో మాట ఉండేది కాదు. పెళ్లయి గద్వాలకు వచ్చాక, మా అద్దె ఇంటి గోడకు అవతల పొద్దున్నుంచి మగ్గం చప్పుడు వినపడేది. అది అనసూయమ్మ ఇల్లు. ఇంట్లో రెండు మగ్గాలు, వీధిలో ఇంకా కొన్ని ఇళ్లలో ఆమె కోసం నేసేవాళ్లు. పెద్ద బొట్టు, తాడు కట్టిన కళ్లద్దాలు, మొహమాటం బొత్తిగా లేని నోరు. మా ఆయన మోటార్ల పనికి పోయాక నేను గడప మీద కూర్చుని ఫోను చూసుకుంటూ ఉంటే, ఆమె రోజూ చూసేది. ఒకరోజు దగ్గరికొచ్చి, "నువ్వెట్లన్న పొద్దంత ఫోను పట్టుకునే ఉంటవు. అదేదో మా ఇంట్ల కూసోని పట్టుకో, జీతమిస్త" అంది. నా మొదటి ఉద్యోగానికి ఇంటర్వ్యూ అంతే. చీరలకు ఫోటోలు తీసి, ఆన్‌లైన్‌లో ఒక పేజీ పెట్టి, వాట్సాప్‌లో అడిగినవాళ్లకు జవాబు చెప్పడం నా పని.

మొదటి వారం నా ప్రతాపమంతా చూపించాను. ఒక ఆకుపచ్చ చీరను లైట్ల కింద పరిచి, ఫోటో తీసి, ఫోనులో ఉన్న ఫిల్టర్లన్నీ ప్రయోగించాను. చీర రామచిలకలా మెరిసిపోయింది. గర్వంగా తీసుకెళ్లి చూపించాను. ఆమె ఫోనును ఒక చేత్తో, అసలు చీరను ఇంకో చేత్తో పట్టుకుని గుమ్మం వెలుగులోకి వెళ్లి, కాసేపు ఇటూ అటూ చూసింది. ఇది ఏ చీర అని అడిగింది. అదే చీర పెద్దమ్మా అన్నాను. "అట్లనా. మరి పాపం దీనికి ఏం రోగమొచ్చింది, రంగు గింత దిగిపోయింది?" అంది చేతిలోని చీరను జాలిగా తడుముతూ. మగ్గం మీద ఉన్నాయన నవ్వు ఆపుకోలేక, అడ్డపోగు నడిపే నాడెను వదిలేశాడు. నేనూ నవ్వాను, కాకపోతే కొంచెం ఆలస్యంగా.

ఆ రోజు నుంచి లైట్లు బంద్. పొద్దున గుమ్మంలోకి వచ్చే వెలుగులోనే ఫోటో. ఫిల్టర్ పేరెత్తకూడదు. అన్నిటికంటే నాకు వింతగా అనిపించింది, ప్రతి చీరకూ వెనక వైపు ఫోటో కూడా పెట్టాలనడం. గద్వాల చీరలో ఒళ్లు నూలు, అంచూ కొంగూ పట్టు. ఆ రెంటినీ మగ్గం మీదే, పోగు పోగుకు మెలివేసి చేత్తో కలుపుతారు. ముందు నుంచి చూస్తే ఆ కష్టం కనపడదు. తిరగేస్తే కనపడుతుంది, తడిమితే తగులుతుంది. వెనక వైపు అందంగా ఉండదు, ఎవరు చూస్తారు అని నేను వాదించాను. ఆమె ఓపిగ్గానే చెప్పింది. "ఇంటికొచ్చి కొనెటోళ్లు ముందుగాల ఏం జేస్తరు? తిప్పి చూస్తరు. ఫోన్ల కొనెటోళ్లకు చేతులు లెవ్వు గద బిడ్డ. వాళ్ల చెయ్యి నువ్వే." ఫోటో గురించి ఆ తరువాత నేను చాలా విన్నాను, చాలా చదివాను. ఇంతకంటే మంచి మాట మాత్రం వినలేదు.

పేజీ మెల్లగా పుంజుకుంది. ఒక పొద్దున పెద్దమ్మ నెమలికంఠం రంగు చీరను రెండు చేతులా పట్టుకుని గుమ్మంలో నిలబడితే, పక్కింటి కోడి లోపలికి దూరబోయి ఆమె కాళ్ల మధ్య ఇరుక్కుంది. ఆమె పకపకా నవ్వుతుండగా నేను ఫోటో తీశాను. కోడి పడలేదు కానీ నవ్వు పడింది. ఆ ఫోటో చూసి ఎక్కడెక్కడి వాళ్లో ఫోన్ చేశారు. పేజీకి అదే మొహమైంది. దాని వల్లే ఇంత గొడవ వస్తుందని ఎవరం అనుకున్నాం.

పెళ్లిళ్ల కాలం ముందు ఒకరోజు నా ఫోను ఆగకుండా మోగింది. నాగర్‌కర్నూల్‌లో టిఫిన్ సెంటర్ నడిపే సుజాత అనే ఆవిడ, అదే నవ్వుతున్న ఫోటో మీద ఎర్ర అక్షరాలతో 'మోసగత్తె' అని రాసి పెట్టింది. కూతురి నిశ్చితార్థానికి గద్వాల చీర అని కొంటే, ఒక్కసారి తడపగానే రంగంతా కారిందని, ఈ ముసలామె నవ్వు చూసి మోసపోవద్దని రాసింది. జనం దాన్ని ఒకరికొకరు పంపుకుంటూనే ఉన్నారు. సుజాత పేరుతో మేము చీర పంపిందే లేదు. వెతికితే తెలిసింది, మా ఫోటోలన్నీ ఎత్తుకుపోయి ఎవరో ఇంకో పేజీ తెరిచి, మరమగ్గం చీరలు అమ్ముతున్నారు. మధ్యాహ్నానికల్లా చెప్పిన చీరలు వద్దనడం మొదలుపెట్టారు జనం. ఆ చీరలు ఆగితే వీధిలో మగ్గాలు ఆగుతాయి. పెద్దమ్మ మగ్గం ముందు కూర్చుంది కానీ నేయలేదు. "నా మొఖం మీద రాసిండ్రు బిడ్డ" అని మాత్రం అంది. నాకు ఏడుపొచ్చింది.

అప్పుడే నేతవాళ్ల వాట్సాప్ గ్రూపులో ఇంకో ఫోటో వచ్చి పడింది. వనపర్తిలో ఒక బట్టల దుకాణం, ముందు నిలబడ్డ యజమాని. దొంగ ఇతనే, అందరికీ పంపండి అని కింద రాసి ఉంది. నా ఒళ్లు మండిపోయింది. పంపబోతున్నాను. పెద్దమ్మ నా ఫోను మీద అరచెయ్యి పెట్టేసింది. "నా ఫోటో మీద రాసినామె గూడ గిట్లనే కోపంల రాసింది. జర ఆగు. ముందుగాల దీన్ని తిప్పి చూడు. ఎవరు తీసిండ్రు, ఎవరు పంపిండ్రు, అడుగు." అడిగాను. పంపినాయనకు బావమరిది పంపాడట, బావమరిదికి ఇంకేదో గ్రూపులో వచ్చిందట, ఆ పైన ఎవరికీ తెలియదు. సరే, మనమే పోయి చూద్దాం పా, అని ఆమె సంచిలో ఒక చీర పెట్టుకుని చెప్పులు వేసుకుంది.

వనపర్తిలో బస్సు దిగి ఆ దుకాణం పట్టుకున్నాం. దాంట్లో ఉన్నవన్నీ బడి పిల్లల యూనిఫారాలు. చీర అన్నది మందుకైనా లేదు. దొంగ పేజీవాళ్లు ఎవరో అతని దుకాణం ఫోటోను కూడా ఎత్తుకుపోయి తమ అడ్రసుగా పెట్టుకున్నారట. ఊరూ పేరూ తెలియనివాళ్లు ఫోన్లు చేసి తిడుతున్నారని పాపం బాగా పరేషాన్‌లో ఉన్నాడు. మమ్మల్ని చూసి, "మీరు గూడ తిట్టనీకే వచ్చిండ్రా?" అన్నాడు. పెద్దమ్మ కడుపారా నవ్వింది, ఆ రోజులో మొదటిసారి. ఇద్దరు దొంగలం కలిసినం, చాయ్ తాగుదాం అంది. అక్కడి నుంచి సుజాత దగ్గరికి బయలుదేరాం. మా ఊరి పక్కనుంచి నాగర్‌కర్నూల్‌కు బస్సు పోతున్నంతసేపూ నేను ఆ దుకాణం మనిషి మొహమే తలుచుకున్నాను. ఆ ఫోటోను నేను పంపి ఉంటే ఇంకెంతమంది తిట్టేవాళ్లో.

సుజాత మమ్మల్ని చూడగానే గుర్తుపట్టింది. గుర్తుపట్టక ఏం చేస్తుంది, ఆ మొహాన్ని ఊరంతటికీ చూపించింది తనే కదా. చేతిలో దోసె గరిటె అలాగే లేచింది. నేను రెండడుగులు వెనక్కి వేశాను. పెద్దమ్మ బెంచీ మీద కూర్చుని, "ముందుగాల ఒక దోస పెట్టమ్మ. తిన్నంక తిడుదువు" అంది. సుజాతకు ఏం చేయాలో తోచక దోసె వేసింది. తినడం అయ్యాక పెద్దమ్మ, ఆమె మోసపోయి కొన్న ఆ చీరను తెమ్మని, తన సంచిలోని చీరను దాని పక్కనే ఎండలో పరిచి, రెంటినీ తిరగేసింది. నేనేం చెప్పను, నువ్వే చెయ్యి పెట్టి చూడు అంది.

సుజాత మొదట మా చీర తడిమింది, తరువాత తన చీర. అందులో అంచుకు మిషను కుట్టు ఉంది, చీరకు లంగా అంచులా కుట్టేశారు. ఆమె వేలు ఆ కుట్టు మీద అక్కడే ఆగిపోయింది. నేను సంబరంగా ఫోను తీసి వీడియో మొదలుపెట్టబోతే పెద్దమ్మ నా చెయ్యి కిందికి దించింది. "నువ్వు తియ్యకు. మనం తీస్తే మన గొప్ప మనం చెప్పుకున్నట్టుంటది. ఆమెనే తియ్యనీ." సుజాత ఒక చేత్తో చీర పట్టుకుని ఇంకో చేత్తో తీసింది. వీడియో సగం వంకరగా వచ్చింది, వెనక దోసె మాడుతున్న చప్పుడు కూడా పడింది. కానీ అందులో ఆమె గొంతు నిజంగా ఉంది. తప్పు చేశాను, ఈమె కాదు ఆ పని చేసింది అని చెప్పి, రెండు చీరల వెనక వైపులూ చూపించింది. మొదటి ఫోటో ఎక్కడెక్కడికి పోయిందో ఈ వీడియో కూడా దాదాపు అక్కడికల్లా పోయింది. చాలామంది కలిసి ఫిర్యాదు చేస్తే ఆ దొంగ పేజీ మాయమైంది. దాని వెనక ఎవరున్నారో మాకు ఇప్పటికీ తెలియదు. మా వీధిలో మగ్గాలు మాత్రం ఆగలేదు. పెద్దమ్మ సంచిలో తెచ్చిన చీర తిరిగి గద్వాలకు రాలేదు. నిశ్చితార్థం నాడు సుజాత కూతురు అదే కట్టుకుంది.

ఇంటికొచ్చాక నవ్వుతున్న ఆ ఫోటోను పేజీలోంచి తీసేద్దామన్నాను. వద్దంది. తీసేస్తే తప్పు చేసినట్టే ఉంటుందట. దాని పక్కన ఇంకోటి పెట్టించింది. అదే గుమ్మం, అదే నవ్వు, చేతిలో చీర మాత్రం తిరగేసి ఉంటుంది. ఇప్పటికీ ఆ రెండూ పక్కపక్కనే ఉన్నాయి.

తరువాత మా ఆయన పని వల్ల మేము నాగర్‌కర్నూల్ వచ్చేశాం. ఇప్పుడు నేను మహిళా సంఘాల వాళ్లకు ఫోనులో సరుకు ఎలా అమ్ముకోవాలో, వచ్చిన ఫోటోను నమ్మేముందు ఏం చూసుకోవాలో నేర్పుతున్నాను. రేపు బల్మూర్‌లో క్లాసు ఉంది. దానికోసం పోయిన వారం ఒక పోస్టరు చేసి, నా ఫోటోను ఒక యాప్‌లో పెట్టి బుగ్గలు నున్నగా, జుట్టు నల్లగా చేసుకున్నాను. పెద్దమ్మకు టైపు చేయడం రాదు, వాయిస్ మెసేజ్‌లే పెడుతుంది. పోస్టరు పంపిన నిమిషానికే వచ్చింది. "ఎవరమ్మ గీ పిల్ల? మా శైలజ ఫోటో ఎవరన్న ఎత్తుకపోయిండ్రా?"

పడీపడీ నవ్వుకున్నాను. నెరిసిన వెంట్రుకలతో సహా అసలు ఫోటో పెట్టి మళ్లీ పంపాను. ఈసారి జవాబు చిన్నగా వచ్చింది. "ఆఁ, గీమె నాకు తెలుసు. చీర పంపుతున్న, కట్టుకొని పో." అదే నిన్న వచ్చిన పార్సిల్. కట్టుకుని పోవాలని లేదు. తిరగేసి మడతపెట్టి సంచిలో పెట్టుకున్నాను. రేపు క్లాసులో వాళ్లు ఫోన్లు తీయకముందే ఈ చీరను చేతికిస్తాను, తడిమి చూడమని.