ఓడరేవు దాకా రెండు సైకిళ్లు

మా అపార్టుమెంటు కింద, కార్లు పెట్టుకునే చోట, ఆదివారం పూట ఒకాయన వచ్చి పిల్లల సైకిళ్లు బాగుచేస్తుంటాడు. మొన్న నేను కూరగాయల సంచితో తెనాలి బజారు నుంచి వచ్చేసరికి ఆయన ఒక ట్యూబుకి ప్యాచీ వేస్తూ సొల్యూషన్ రాస్తున్నాడు. ఘాటుగా, కాస్త తియ్యగా ముక్కుకి తగిలే ఆ వాసనకి మా పై వాటా ఆవిడ ఆగి, "చిన్నతనం గుర్తొస్తుందండీ" అంది ముచ్చటగా. నాకూ గుర్తొచ్చింది. నాకు మాత్రం ముచ్చట కలగలేదు, ఒళ్లు మండింది. ఆ వాసన వెంట నాకు సుభద్ర గుర్తొస్తుంది, సుభద్ర గుర్తొస్తే యాభై దాటిన ఈ వయసులో కూడా కోపం పొంగుకొస్తుంది.

మాది బాపట్ల. నాన్నకి ఊరికి తూర్పున ఇసుక నేలలుండేవి. వేరుశనగ పీకే రోజుల్లో ఇల్లంతా పచ్చికాయల వాసన, మట్టి వాసన, పెరట్లో పెద్ద గంగాళంలో ఉడుకుతున్న కాయల ఆవిరి; చలికాలం వచ్చిందంటే పొయ్యి బూడిదలో కాల్చిన తేగలు, వాటి పీచు పళ్లలో ఇరుక్కుంటే చీపురుపుల్లతో తీసుకుంటూ అరుగు మీద మా నాయనమ్మ చెప్పే చుట్టాల కబుర్లు; వర్షాకాలం చివర తుఫాను గాలి లేచినప్పుడు రాత్రంతా తలుపు సందుల్లోంచి వినిపించే సముద్రపు హోరు. సుభద్రా వాళ్లు చీరాల వైపు నేతపని చేసుకునే కుటుంబం, మా వీధి చివర మగ్గాల షెడ్డు వేసుకుని స్థిరపడ్డారు. వాళ్లింటి ముందు నుంచి నడిస్తే గంజి వాసన, లోపలి నుంచి ఆగకుండా మగ్గం చప్పుడు. వాళ్ల నాన్న మెతక మనిషి. ఇంట్లో చెల్లేది వాళ్ల పెదనాన్న మాట. ఆయన బజారులో కనిపిస్తే మేం నవ్వు ఆపేసి పక్కకి తప్పుకునేవాళ్లం.

అట్లతద్ది రోజు తెల్లవారుజామున ఆడపిల్లలందరం గోంగూర పచ్చడీ పెరుగూ కలిపి అన్నం తిని, వీధిలోకొచ్చి అరుస్తూ, ఉయ్యాలలూగుతూ, దాగుడుమూతలాడుతూ తెల్లారబెట్టేవాళ్లం. పెద్దవాళ్లు అరుగుల మీద కూర్చుని మురిసిపోయేవాళ్లు. ఏడాదికి ఒక్క పూట ఇచ్చిన ఆ స్వేచ్ఛకి వాళ్లు ఎంత మురిసిపోయేవాళ్లో తలుచుకుంటే ఇప్పుడు నవ్వు కూడా రాదు. మిగతా రోజులన్నీ, కిటికీ దగ్గర నిలబడినా "ఏంటి అక్కడ?" అనే గొంతు ఒకటి ఇంట్లో ఉండేది.

తొమ్మిదో తరగతిలో, అర్ధ సంవత్సర పరీక్షలు అయిపోయిన రోజు, బడి గేటు దగ్గర సుభద్ర నా సైకిలు హ్యాండిలు పట్టుకుని అడిగింది.

"పద్మా, సముద్రం ఇంత దగ్గరుంది కదే. పెద్దోళ్లు లేకుండా ఒక్కసారైనా చూశామా?"

చూడలేదు. కార్తీక పౌర్ణమికి ఇంటిల్లిపాదితో సూర్యలంక వెళ్లేవాళ్లం. మగపిల్లలు అలల్లో దూకేవాళ్లు. మేం చీలమండలు తడిసేదాకా నిలబడి, తడిబట్టల మూటలు కాపలా కాసేవాళ్లం.

మర్నాడు పొద్దున్నే బయల్దేరాం, సూర్యలంక నుంచి ఒడ్డు వెంటే చీరాల దగ్గరున్న ఓడరేవు ఊరి దాకా పోవాలని. నాది చిన్న సైకిలు. సుభద్ర వాళ్ల నాన్న సైకిలు తీసుకొచ్చింది; రాత్రి ట్యూబుకి తనే ప్యాచీ వేసిందట, ఆ సొల్యూషన్ వాసన తన చేతులకి ఇంకా ఉంది. నూలు కట్టలు మోయడానికి వెనక వెడల్పు క్యారేజీ బిగించిన పెద్ద సైకిలది. సీటు మీద కూర్చుంటే కాళ్లందవు కాబట్టి కడ్డీ కింద నుంచి కాలు దూర్చి, ఒళ్లంతా ఒక పక్కకి వంచి తొక్కేది. ఆ అవస్థలో కూడా నాకంటే ముందే ఉండేది. అది లెక్కల్లోనూ అంతే. మేస్టారు బోర్డు మీద లెక్క రాయడం పూర్తయ్యేసరికి దాని నోటుబుక్కులో జవాబుండేది.

సూర్యలంక చేరేసరికి ఎండ ఇంకా లేతగానే ఉంది. సరుగుడు తోపుల్లో రాలిన ఆకు మెత్తగా పరుపులా ఉంది, గాలికి తోపంతా ఈల వేస్తోంది. ఇసుకలో చక్రాలు దిగబడి తోసుకుంటూ వెళ్తుంటే, ఒడ్డున వల ఆరేస్తున్న ఒక పల్లె ముసలామె పిలిచింది.

"ఏంటమ్మా, ఇద్దరే వచ్చారా?"

"అవునండి. ఒడ్డు వెంట ఓడరేవు దాకా పోతున్నాం."

ఎవరి పిల్లలని అడుగుతుందేమో, వెనక్కి పొమ్మంటుందేమో అని నాకు భయమేసింది. ఆమె సముద్రం వైపు చూసింది. "నీళ్లు వెనక్కి తీశాయి. తడి ఇసుక మీద పోండి, చక్రం దిగదు. మళ్లీ పోటెక్కేలోగా ఓడరేవు చేరిపోండి" అంది. తర్వాత గుడిసెలోకి వెళ్లి చెంబుతో మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది. ఆ రోజు మమ్మల్ని చూసి దారి చెప్పిన పెద్ద మనిషి ఆమె ఒక్కతే.

తడి ఇసుక సిమెంటు రోడ్డులా గట్టిగా ఉంది. ఎడమ పక్క సముద్రం, కుడి పక్క సరుగుడు తోపులు, ఎదురుగా కంటికి ఆనినంత దూరం ఖాళీ. మా చక్రాల చప్పుడుకి ఎర్ర పీతలు గుంపులుగా లేచి బొరియల్లోకి పరిగెత్తేవి. మురుగు కాలవ సముద్రంలో కలిసే చోట సైకిళ్లు భుజానికెత్తుకుని, మోకాలి లోతు నీళ్లలో, అరుచుకుంటూ దాటాం. ఎంత గట్టిగా అరిచినా ఎవరూ ఏంటని అడగలేదు. పడవ నీడలో కూర్చుని, తెచ్చుకున్న తేగలు చీల్చుకుని తిన్నాం. పాదాల మీద ఉప్పు తెల్లగా పేరుకుపోయింది. "టీచరయ్యాక నేను కొనేది లేడీస్ సైకిలు కాదు, ఇలాంటి పెద్దదే" అంది సుభద్ర, వాళ్ల నాన్న సైకిలు చక్రానికి అంటిన ఇసుక చేత్తో దులుపుతూ.

ఓడరేవు నుంచి చీరాల మీదుగా రోడ్డు పట్టుకుని తిరిగి రావాలని మా ఆలోచన. చీరాలలో వాళ్ల పెదనాన్న ఒక బట్టల కొట్టు అరుగు మీద కూర్చుని ఉన్నాడు. ఆయన ముందు గుర్తుపట్టింది తమ్ముడి సైకిల్ని. తర్వాతే దాన్ని తొక్కుతున్న పిల్లని చూశాడు.

కేకలేమీ వేయలేదు. మెట్లు దిగొచ్చి హ్యాండిలు పట్టుకున్నాడు. "దిగు" అన్నాడు. సుభద్ర లంగా మోకాళ్ల దాకా తడిసి, ఇసుక అంటుకుని ఉంది. ఆయన దాన్నే చూశాడు, కొట్లో వాళ్లూ దాన్నే చూశారు. బాపట్ల బస్సు రాగానే సైకిలు పైన వేయించి, సుభద్రని రెక్క పట్టుకుని ఎక్కించాడు. నా వైపు తిరిగి, "నువ్వు మీ ఇంటికెళ్లమ్మా" అన్నాడు. కిటికీలోంచి సుభద్ర నన్ను చూస్తుండగానే బస్సు కదిలింది. అంత దూరం రోడ్డు మీద నేనొక్కదాన్నే, లారీలు పక్కనుంచి పోతుంటే, ఏడుస్తూ తొక్కాను.

మా ఇంట్లో నాకు పడ్డవి తిట్లు. సెలవుల తర్వాత బడి తెరిస్తే సుభద్ర రాలేదు. నేను వాళ్లింటికి వెళ్లేసరికి షెడ్డులో ఒక మూల రాట్నం ముందు కూర్చుని మగ్గానికి నూలు కండెలు చుడుతోంది. తల ఎత్తకుండా, "ఏం జరిగిందని అడగొద్దు. లెక్కల్లో ఏ పాఠం మొదలెట్టారో చెప్పు" అంది. చెప్పాను. ఆ తర్వాత రోజూ సాయంత్రం వెళ్లి, ఆ రోజు బడిలో చెప్పినదంతా రాట్నం చప్పుడు మధ్య ఒప్పజెప్పేదాన్ని. అది చేతులు ఆపకుండా నోటితో లెక్క చేసేది. ఒకరోజు గుమ్మంలోనే వాళ్ల పెదనాన్న అడ్డు నిలబడ్డాడు. "మా పిల్లని చెడగొట్టింది చాలు" అన్నాడు. నాన్నని వెళ్లి మాట్లాడమని ఏడ్చి అడిగాను. "వాళ్లింటి విషయం మనకెందుకు" అని పేపరు తిప్పుకున్నాడు. మా నాన్న మంచివాడని ఊరంతా అంటుంది. ఆ పేపరు తిప్పిన చప్పుడుని మాత్రం నేను క్షమించలేకపోయాను.

ఆ వేసవిలోనే వాళ్ల పెదనాన్న కొడుకు, సుభద్రకి అన్నయ్య, స్నేహితులతో సూర్యలంక వెళ్లి, మర్నాడెప్పుడో ఇసుక కాళ్లతో ఇంటికొచ్చాడు. వాళ్లమ్మ వేడినీళ్లు తోడింది.

సుభద్ర పెళ్లయి రేపల్లె వెళ్లింది. పిల్లల్ని చదివించుకుంది. ఈ మధ్యే వాళ్లమ్మాయి గృహప్రవేశానికి వెళ్లాను. భోజనాల దగ్గర వాళ్ల పెదనాన్న ఉన్నాడు, బాగా ముసలివాడయ్యాడు. నన్ను గుర్తుపట్టి, పక్కవాళ్లకి నవ్వుతూ చెప్పడం మొదలుపెట్టాడు. "ఈ పిల్లా మా సుభద్రా కలిసి సైకిళ్లేసుకుని ఓడరేవు దాకా పోయారు. చీరాలలో దొరికారు నాకు." అందరూ నవ్వారు.

నేను విస్తరి ముందు నుంచి చెయ్యి తీసేశాను. "అది క్లాసులో ఫస్టు, పెదనాన్నగారూ. మీరు దాని బడి మాన్పించారు. ఇందులో నవ్వడానికి ఏముందండి?"

"అప్పటి రోజులు అట్టాంటివమ్మా" అన్నాడు ఆయన.

మజ్జిగ పోస్తున్న సుభద్ర ఆయన విస్తరి ముందు ఆగింది. "అన్నయ్యకీ అవే రోజులు కదా పెదనాన్నా" అంది. మజ్జిగ పోసి, పక్క విస్తరికి వెళ్లింది. ఆయన తల దించుకుని అన్నం కలుపుతూనే ఉన్నాడు గానీ ముద్ద ఎత్తలేదు. నాకు జాలి కలగలేదు.

మర్నాడు ఇద్దరం కారు మాట్లాడుకుని సూర్యలంక వెళ్లాం. దారి పొడవునా సరుగుడు తోపులు కొట్టేసి తవ్విన రొయ్యల చెరువులు, వాటిలో నీళ్లు చిలుకుతూ తిరిగే ఏరేటర్ల హోరు, మురిగిన నీటి కంపు. ఆ హోరులో సముద్రం దగ్గరపడిందని తెలియనే లేదు. జాలర్ల పల్లె ఉన్నచోట పచ్చిక పెంచి గొడుగులు పాతారు. తడి ఇసుక దాకా ఒక రిసార్టు గోడ కట్టేశారు. కాపలా మనిషి లేచొచ్చాడు.

"రూము తీసుకున్నారా అండి?"

"లేదు బాబూ. ఇలా ఒడ్డు వెంట నడుద్దామని."

"ఇటు గెస్టులకేనండి. దారి లేదు."

చిన్నప్పుడు మగపిల్లలకి ఇచ్చి మాకు లేదన్న సముద్రాన్ని ఇప్పుడు అద్దెకిస్తున్నారు. నేను అతనితో పోట్లాటకి దిగాను. అతను పాపం ఏం చెప్పగలడు, అయినా దిగాను. ఈలోగా సుభద్ర చెప్పులు చేతిలోకి తీసుకుని, చీర పైకి దోపుకుని నీళ్లలోకి దిగింది. గోడ చివర అల వచ్చి దాని మోకాళ్లకి కొట్టింది. సుభద్ర గోడ చుట్టూ తిరిగి అవతలికి వెళ్లింది. నేనూ దిగాను. అతను వెనక నుంచి పిలుస్తూనే ఉన్నాడు.

గోడ దాటాక కాస్త ఇసుక, దాని తర్వాత ఇంకో గోడ కనిపించాయి. ఎర్ర పీత ఒక్కటీ లేదు. అంతకంటే దూరం చూడటానికి ఖాళీయే లేదు.

"పోటెక్కుతోందే" అన్నాను.

"ఎక్కనీ" అని సుభద్ర రెండో గోడ వైపు నడిచింది.